ట్రైనీగా చేరబోయే అమ్మాయికి

చి. సుధకు,

కర్ణాటకలోని కైగా అణువిద్యుత్ కేంద్రంలో ట్రైనీగా చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమమ్మా. అణు విచ్ఛిత్తి, అంటే యురేనియం చీలిక, సమీకరణాలు ముందేసుకుని కూర్చోకు, పరీక్షల పుణ్యమా అని అవి ఎలాగూ వస్తాయి. ప్లాంటు అర్థం కావాలంటే వేడి ఎక్కడ పుట్టి ఎటు పోతోందో చూసుకుంటూ వెళ్లు.

వేడి పుట్టేది ఇంధన బండిల్‌లో. అది హైదరాబాద్‌లోని ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్)లో తయారవుతుంది. అర మీటరు పొడవు, 19 కడ్డీలు. లోపల ఉండేది సహజ యురేనియమే, అందులో సులువుగా చీలే యురేనియం-235 కేవలం 0.7 శాతం. అంత తక్కువతో గొలుసు చర్య, అంటే ఒక చీలికలో వచ్చిన న్యూట్రాన్లు ఇంకో చీలికకు దారితీయడం, సాగాలంటే న్యూట్రాన్ల వేగం తగ్గించాలి, కానీ వాటిని మింగెయ్యకూడదు. అందుకే భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు. మన మణుగూరులో చేసేది అదే. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద పీపాలాంటి కలాండ్రియా నిండా అది ఉంటుంది. దాని గుండా 306 గొట్టాలు, ఒక్కోదాంట్లో 12 బండిల్స్. ఆ గొట్టాల్లో పారేదీ భారజలమే, కాకపోతే గట్టి ఒత్తిడిలో 290 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. కలాండ్రియాలో ఉండి న్యూట్రాన్ల వేగం తగ్గించే మోడరేటర్ వేరు, గొట్టాల్లో పారుతూ వేడిని మోసుకెళ్లే కూలెంట్ వేరు. డ్రాయింగ్ మీద రెండు రంగుల్లో గీసుకో.

ఆ కూలెంట్ స్టీమ్ జనరేటర్‌లో మామూలు నీళ్లని ఆవిరి చేస్తుంది. అక్కణ్నుంచి టర్బైన్, కండెన్సర్. ఏ థర్మల్ ప్లాంటులోనైనా ఇదే తంతు, తొందరగానే వస్తుంది.

రియాక్టర్ని ఆపడం దగ్గర మాత్రం నిదానించు. న్యూట్రాన్లను మింగేసే కాడ్మియం కడ్డీలు పడితే గొలుసు చర్య సెకన్లలో ఆగుతుంది. వేడి ఆగదు, చీలిన ముక్కల రేడియోధార్మికత వల్ల పుడుతూనే ఉంటుంది. ఆ క్షణాన పూర్తి శక్తిలో 6 శాతం పైచిలుకు, ఒక రోజు గడిచాక కూడా అర శాతం దాకా వస్తూనే ఉంటుంది. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణువిద్యుత్ కేంద్రంలో టర్బైన్ దగ్గర మంటలు లేచి, ఆ యూనిట్ మొత్తానికి కరెంటు పోయింది. మెయిన్ పంపులు ఆగిపోయాయి. మంటలార్పే డీజిల్ పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్లిచ్చారు. అక్కడ చల్లబడ్డ భారజలం కిందికి దిగుతూ, వేడిది పైకి లేస్తూ, దానంతటదే తిరిగింది. కోర్, అంటే ఇంధనం ఉండే భాగం, భద్రంగా ఉంది. స్టీమ్ జనరేటర్లను రియాక్టర్ కన్నా ఎత్తులో ఎందుకు పెడతారో అప్పుడు చాలామందికి బాగా తలకెక్కింది.

ఏ పంపు దగ్గర నిలబడినా, ఇది ఆగితే వేడి ఎటు పోతుందని అడుగు. షిఫ్టు ఇంజనీరు విసుక్కున్నా సరే. జూన్‌లో చేరితే అక్కడ వానలు మామూలుగా ఉండవు, గొడుగు చాలదు, రెయిన్‌కోటు కొనుక్కో.

మీ పెదనాన్న