కౌన్సెలర్‌ను పెట్టనివ్వండి, కానీ ముందు సెక్షన్లు మార్చడం ఆపమనండి

మీ అబ్బాయి ఉండే రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో కౌన్సెలర్‌ను పెడుతున్నారని, దానివల్ల పిల్లల టెన్షన్ నిజంగా తగ్గుతుందా అని అడిగారు. విజయవాడ దగ్గర అలాంటి క్యాంపస్‌లోనే నేను ఫిజిక్స్ చెప్పాను, రాత్రి స్టడీ అవర్లకు ఫ్లోర్ ఇన్‌ఛార్జిగానూ ఉన్నాను. తగ్గదు. ఎందుకో చెబుతాను.

మా దగ్గర వీకెండ్ టెస్టుల మార్కులు చూసి నెలనెలా సెక్షన్లు మార్చేవాళ్లు. ఒక్కో ఫ్లోర్ ఒక్కో సెక్షన్‌ది కాబట్టి మార్కులు తగ్గితే క్లాసుతో పాటు హాస్టల్ గది కూడా మారాల్సిందే. ప్రకాశం జిల్లా కుర్రాడొకడు, పదో తరగతిలో మండలం ఫస్టు, దసరా సెలవులయ్యాక మూడో ఫ్లోర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. ట్రంకు పెట్టె, పరుపు, బకెట్ మోసుకుంటూ వాడు దిగుతున్నాడు. వాడి మంచం దక్కినవాడు తన సామానుతో ఎదురెక్కుతున్నాడు. మెట్ల మలుపులో ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. మిగతావాళ్లంతా వరండాలో నిలబడి చూస్తున్నారు.

ఆ తర్వాత వాడిలో తేడా కనిపెట్టింది మా లెక్చరర్లెవరూ కాదు, మెస్‌లో వడ్డించే అక్క. "సార్, ఆ పిల్లోడు గుడ్డు కూడా వద్దంటున్నాడు. అన్నం కలిపి అట్లాగే వదిలేసి పోతున్నాడు" అంది. ఆదివారం ఇంటికి ఫోన్ చేయనిస్తారు కదా అంటారేమో. వెనక లైన్లో ఉన్నవాళ్లంతా వింటుంటే "బానే ఉన్నా నాన్నా" అనక ఏమంటాడు? ప్రిన్సిపాల్‌కు చెబితే గ్రాండ్ టెస్టు అయ్యాక చూద్దామన్నారు. నేను ఆగకుండా నా సెల్ నుంచే వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను. ఆయన రాత్రి బస్సెక్కి వచ్చేశాడు. ముందు దిష్టి తగిలిందన్నాడు, తర్వాత ఫీజు కోసం చేసిన అప్పు గురించి చెప్పాడు, చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి రావడానికి ఒప్పుకున్నాడు. డిప్రెషన్ అని చెప్పి డాక్టర్ మందులు రాశారు, కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉంచమన్నారు. కుర్రాడు ఆ ఏడాది వదిలేసి, తర్వాత వాళ్ల ఊరి దగ్గర గవర్నమెంటు కాలేజీలో ఇంటర్ పూర్తిచేశాడు.

అప్పుడు మా క్యాంపస్‌లో కౌన్సెలర్ లేరా? ఉన్నారు. ఆవిడ గది ప్రిన్సిపాల్ గది పక్కనే. లోపలికి ఎవరెళ్లారో సాయంత్రానికల్లా పైవాళ్లకు తెలిసేది. ఇంక ఆ తలుపు ఎవరు తడతారు?

మోటివేషన్ స్పీకర్లది ఇంకో గోల. పిల్లల్ని గ్రౌండ్‌లో కూర్చోబెట్టి, అమ్మానాన్నల కష్టాలు మైకులో వర్ణించి, అందరినీ ఏడిపించి, శాలువా కప్పించుకుని కారెక్కి పోతారు. ఆ పూట ఆడుకోనిచ్చినా పిల్లలకు మేలు జరిగేది.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. మీ కాలేజీవాళ్ల హడావుడికి కారణం బహుశా అదే. అదే తీర్పులో మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని కూడా ఉంది. కాకపోతే 'వీలైనంత వరకు' అన్నారు. మనవాళ్లకు అది ఎప్పటికి వీలవుతుందో చూడాలి.

అసలు ఆ మార్కులైనా నమ్మదగినవా? 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒకమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

కాబట్టి పేరెంట్స్ మీటింగ్‌లో కౌన్సెలర్ డిగ్రీ ఏమిటని ఒక్కటే అడిగి కూర్చోకండి. ఆవిడ ఎవరికి రిపోర్ట్ చేస్తారు, పిల్లాడు చెప్పింది ఎవరెవరికి చేరుతుంది, సెక్షన్ మారితే గది ఎందుకు మారాలి అని అడగండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబరు 14416 ఉంది, ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. దాన్ని హాస్టళ్లలో పెద్దక్షరాలతో రాసిపెట్టాలని కూడా కోర్టు చెప్పింది. సెల్‌ఫోన్లు లాక్కునే హాస్టల్లో ఉత్త నంబరు అంటిస్తే పిల్లలు దేంతో చేస్తారు? పక్కన ఎవరూ నిలబడని చోట ఒక ల్యాండ్‌లైన్ పెట్టమనండి.