రంగు ఇసుక డబ్బాలు కొనకండి, రాళ్ల దగ్గరకి తీసుకెళ్లండి

"వైజాగ్‌లో ఉంటున్నాం, పాపకి ఐదేళ్లు. ప్రకృతిని శ్రద్ధగా గమనించేలా ఏం ఆటలు ఆడించాలి?" అని అడిగారు. ముందుగా ఒక మాట, ఆన్‌లైన్‌లో అమ్మే రంగు ఇసుక డబ్బాలు కొనకండి. ఊరి పొడవునా సముద్రం పెట్టుకుని ఇసుకని పార్సిల్‌లో తెప్పించుకోవడమేంటండీ!

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో, ఆటు వేళ సముద్రం బాగా వెనక్కి పోతుంది. అప్పుడు తొట్లకొండ కింద రాళ్ల సందుల్లో చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. మా అమ్మాయిని అక్కడికే తీసుకెళ్లేవాణ్ని. ఒక సాయంత్రం మడుగులో రాయికి అతుక్కుని, పువ్వులా విచ్చుకుని ఉన్నదాన్ని చూసింది. సీ అనిమోన్ అది, పువ్వు కాదు, జంతువు. నేనేమీ చెప్పలేదు. పక్కనే రాళ్ల మీద ఆలిచిప్పలు ఏరుకుంటున్న ఒక ముసలావిడ "ఏటి సూస్తన్నావమ్మా? మెల్లగా ముట్టుకో" అంది. వేలు పెట్టగానే దాని రేకులు జిగురుగా పట్టుకున్నాయట. "నాన్నా, ఇది నన్ను లాగుతోంది!" అని అరిచింది. మరుక్షణం అది ముడుచుకుని చిన్న ముద్దయిపోయింది. మళ్లీ విచ్చుకునేదాకా పిల్ల అక్కడి నుంచి కదల్లేదు. ఇంట్లో అన్నం దగ్గర కుదురుగా కూర్చోని పిల్ల!

అందుకే పిల్లలకి ఏకాగ్రత లేదంటే నేను ఒప్పుకోను. మనమే ఉండనివ్వం. "ఇదేంటో చెప్పు, రంగేంటి, స్పెల్లింగేంటి" అని వెంటపడతాం, లేకపోతే "ఇటు చూడు, నవ్వు" అని ఫోన్ పెడతాం. బడిలో ప్రకృతి ప్రాజెక్టంటే ఆకుల్ని చార్టుకి అంటించడమే, ఆ అంటించేది కూడా అమ్మలే.

రాళ్ల దాకా వెళ్లలేకపోతే ఇసుకలోనే చూపించండి. చిన్న పీతలు ఇసుకలోంచి తిండి తీసుకుని, మిగిలింది ఉండలు చుట్టి కన్నం చుట్టూ పేరుస్తాయి. కదలకుండా కూర్చుంటేనే బయటికి వస్తాయి, అడుగు చప్పుడైతే లోపలికి దూరిపోతాయి. ఇంతకు మించిన ఆట ఏం కావాలి?

నాచు పట్టిన రాళ్లు జారతాయి, పిల్ల చెయ్యి వదలకండి, సముద్రానికి వీపు పెట్టి కూర్చోకండి. చూసినవాటిని సీసాలో వేసి ఇంటికి తేనివ్వకండి. చెప్పులు కూడా తీయించకండి. ఒట్టి కాళ్లకి తడి ఇసుక తగిలితే ఆ హాయే వేరు, కానీ తాగి సీసాలు రాళ్లకేసి పగలగొట్టేవాళ్లు ఆ సుఖం లేకుండా చేశారు. వాళ్లకి అక్కడికక్కడే జరిమానా వేసి, ఆ పెంకులు వాళ్లతోనే ఏరించాలి.