తాతగారి పాత పద్మిని తుప్పు పట్టిపోయింది, ఇంటి షెడ్డులోనే బాగుచేసుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉప్పల్‌లో సొంతిల్లు, మెట్ల పక్కన పన్నెండేళ్లుగా కదలని 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు, చనిపోయిన తాతగారిది. డ్రైవరు కాళ్ల దగ్గర చెయ్యి దూరేంత కన్నం. ఒక టింకరు స్క్రాప్‌కి ఇచ్చెయ్యమన్నాడు, ఇంకొకాయన నలభై రోజుల్లో కొత్త బండిలా చేసిస్తానన్నాడు. మీకు శని, ఆదివారాలు తప్ప ఖాళీ లేదు. ఇంట్లో చేసుకోవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవుతుంది?

చేసుకోవచ్చు. రామంతాపూర్‌లో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో నేను చేశాను. 22 నెలలు పట్టింది. అయితే ఆ ఇద్దరిలో ఒక్కరు కూడా బండి కిందికి తొంగిచూడలేదని మీరే రాశారు. అది చూడకుండా స్క్రాప్ అనడమూ తప్పే, నలభై రోజులు అనడమూ తప్పే. మీరు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: లోపల ఇనుము ఎంత మిగిలింది? ఇంజన్, సీట్లు, క్రోమ్, పెయింట్ అన్నీ ఆ తర్వాతి సంగతి.

మాది 1986 మోడల్, నాన్న కొన్నది. నా చిన్నప్పటి ప్రయాణాలన్నీ దాంట్లోనే. 2007లో సిటీలోనే ఒక షాపులో కొత్త పెయింట్ వేయించారు. చాలా బాగుందనుకున్నాం. రెండు వర్షాకాలాలు తిరిగేసరికి మడ్‌గార్డుల అంచుల్లో పొక్కులు లేచాయి. నేను పని మొదలుపెట్టి ఆ పొక్కులు గీకితే, వేలి మందాన పుట్టీ, దాని కింద ఇనుప జాలీ, జాలీ వెనక పొడిపొడిగా రాలే తుప్పు కనిపించాయి. తుప్పు తియ్యకుండా దానిమీదే మెత్తేశారు. నాన్న ఆ రోజుల్లో పెట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

2009 నుంచి బండి వేపచెట్టు కింద ఉండిపోయింది. దుమ్ము పడకుండా నీలం టార్పాలిన్ కప్పి, నాలుగు వైపులా తాడుతో బిగించాం. ఎక్కువ నష్టం చేసింది ఆ టార్పాలినే. నేలలోంచి లేచే తేమ బయటికి పోయే దారిలేక రాత్రిళ్లు రేకు మీద నీరుగా దిగేది. మీ బండి మీద ఏదైనా ప్లాస్టిక్ కవరుంటే ఈ రోజే తీసెయ్యండి. పైన కప్పు ఉండి, చుట్టూ గాలి ఆడితే చాలు. తర్వాత 2020 అక్టోబర్ 13 రాత్రి వానకి మా వీధిలో నీళ్లు తలుపుల అడుగు దాకా వచ్చాయి. నీళ్లు రెండ్రోజుల్లో తీశాయి గానీ, లోపలికి చేరిన బురద అక్కడే ఎండి, ప్రతి వానాకాలం మళ్లీ చెమ్మ పీల్చుకుంటూ ఉండిపోయింది.

ఆ బురద చేరిన చోటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పద్మినికి జీపులా విడిగా ఛాసిస్ (బరువు మోసే అడుగు చట్రం) ఉండదు. బాడీయే ఛాసిస్. ఫ్లోరు, తలుపుల కింద పొడుగ్గా పెట్టెలా ఉండే సిల్ (టింకర్లు రన్నింగ్ బోర్డు అంటారు), తలుపు స్తంభాలు, ఇవన్నీ కలిసి బరువు మోస్తాయి. సిల్ బోలుగా ఉంటుంది కాబట్టి తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది. బయట పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. మీకు కనిపిస్తున్న ఫ్లోరు కన్నం నిజానికి తేలికైన పని. అసలు చూడాల్సినవి రెండు సిల్స్, తలుపు స్తంభాల అడుగుభాగాలు, వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) తగిలించే చోట్లు, ముందు సస్పెన్షన్ బిగించే చోట్లు.

వచ్చే ఆదివారం ఈ పరీక్ష చెయ్యండి. చక్రాలకి అడ్డాలు పెట్టి, బండి లేపి, వెనక యాక్సిల్ కింద, ముందు క్రాస్ మెంబర్ (అడ్డంగా ఉండే ఇనుప దూలం) కింద గట్టి స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎప్పుడూ కిందికి దూరకండి. తుప్పు పట్టిన బండిలో జాకీ ఆనించే చోటే ముందు కూలుతుంది. చిన్న సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. దిగితే అక్కడ ఇనుము లేనట్టే. పైన బాడీ మీద గుడ్డ చుట్టిన అయస్కాంతం జరపండి. అంటుకోని చోట పుట్టీ ఉంది. ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టి ఫొటో తియ్యండి. లోపల మ్యాట్లు, వాటి కింది తారు షీట్లు తియ్యకుండా ఈ పరీక్ష పూర్తి కాదు.

స్తంభాల అడుగులు, పట్టీల చోట్లు గట్టిగా ఉంటే, ఫ్లోరు మొత్తం పోయినా వెనకాడకండి. ఆ చోట్లు రెండు వైపులా చేతికి రాలివస్తుంటే మాత్రం, నా అభిప్రాయంలో, మంచి బాడీ ఉన్న ఇంకో బండి వెతికి దీని భాగాలు దానికి వాడుకోవడమే క్షేమం. అలాగైతే కాగితాల్లో ఆ రెండో బండి నంబరే నడుస్తుందని గుర్తుంచుకోండి. ఒక బండి నంబరు కోసి ఇంకో బండికి అతికించడం నేరం. రిపేరులో కూడా ఛాసిస్ నంబరు చెక్కి ఉన్న చోటు ముందే చూసుకుని, టేపు అంటించి, అక్కడ గ్రైండర్ ఆడనివ్వకండి.

వెల్డింగ్ నేను పూర్తిగా సొంతంగా చెయ్యలేదు. ముషీరాబాద్‌లో ముప్పై ఏళ్లుగా టింకరింగ్ చేస్తున్న ఒక చాచా ఆదివారాలు మా ఇంటికే మెషిన్ తెచ్చుకుని వచ్చారు. విప్పడం, గీకడం, కోతలకి గుర్తులు పెట్టడం, షీటు కత్తిరించడం నా వంతు. అతకడం ఆయన వంతు. మొదటి రోజు నేను సిల్ కొయ్యడానికి గ్రైండర్ ఎత్తితే ఆపేశారు. "పైలే దర్వాజే కా నాప్ లేలో బేటా" అన్నారు. ముందు తలుపు కొలతలు తీసుకో అని. తలుపు ఖాళీలో మూల నుంచి మూలకి కొలిచి గోడమీద రాశాం. తర్వాత ఆ ఖాళీకి అడ్డంగా యాంగిల్ ఇనుము టాక్ (చుక్కలా చిన్న అతుకు) వేశాం. ఆ ఆధారం లేకుండా సిల్ కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది. అలా కుంగినప్పుడే కొత్త సిల్ అతికించేస్తే ఇక తలుపు ఏనాటికీ సరిగ్గా పడదు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. టాకులు పడ్డాక తలుపు బిగించి, మూసి చూసి, అప్పుడు పూర్తిగా అతికించాలి.

షీటు 20 గేజి, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు తీసుకోండి. బరువు మోసే చోట 18 గేజి వేశాం. చౌకగా వస్తుందని జీఐ (జింకు పూత ఉన్న) షీటు తేకండి, దాని జింకు పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) వెల్డింగ్, 0.8 మిల్లీమీటర్ల వైరు సరిపోతాయి. ఫ్లోరులో మొదటి ముక్క సరదాపడి నేనే అతికాను. ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఒకే పట్టున లాగేసరికి వేడికి షీటు అలలు తేలింది, కోసి మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. ఇక్కడొక టాకు, దూరంగా ఇంకో టాకు, మధ్యలో చల్లారనివ్వడం, అంతే పద్ధతి. పాత తుప్పు మీదే కొత్త ముక్క అతికించమని ఎవరన్నా వినకండి. మెరిసే మంచి ఇనుము వచ్చేదాకా కోసి, దానికే అతకాలి.

నిప్పు విషయంలో చాలా జాగ్రత్త. బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. పెట్రోల్ ట్యాంకు విప్పి షెడ్డు బయట ఉంచండి. ఖాళీ ట్యాంకులో ఆవిరే ఎక్కువ ప్రమాదం కాబట్టి దానికి వెల్డింగ్ గానీ గ్రైండర్ గానీ ఇంట్లో వద్దేవద్దు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచండి. పని ఆపాక గంటసేపు అక్కడే ఉండండి. మా బండిలో వెనక సీటు పీచు ఒకసారి అరగంట తర్వాత పొగ వదిలింది. గ్రైండర్‌కి వైర్ బ్రష్ పెట్టినప్పుడు కళ్లద్దాలు, పాత పెయింట్ గీకేటప్పుడు మంచి మాస్క్ తప్పనిసరి. ఆ కాలపు పెయింట్‌లో సీసం ఉంటుంది. పిల్లల్ని ఆ దుమ్ములోకి రానివ్వకండి.

చిన్న భాగాల తుప్పుకి నాకు బాగా పనికొచ్చింది ఎలక్ట్రాలిసిస్. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, నాలుగు లీటర్లకి ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా, పాత బ్యాటరీ చార్జరు. తుప్పు పట్టిన భాగానికి నెగటివ్, పనికిరాని ఇనుప ముక్కకి పాజిటివ్. తెల్లారేసరికి తుప్పు నల్లటి మడ్డిలా వదులుతుంది, మంచి ఇనుము అలాగే ఉంటుంది. పాజిటివ్‌కి స్టెయిన్‌లెస్ స్టీలు వాడకండి, విషపూరితమైన క్రోమియం నీళ్లలో కలుస్తుంది. ఉప్పు కూడా వెయ్యకండి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి టబ్బు ఆరుబయటే ఉండాలి. టబ్బులో పెట్టలేని చోట, రాలేదంతా గీకేశాక, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయొచ్చు. అది మిగిలిన పలుచటి తుప్పుని ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. పొరలు పొరలుగా ఉన్న తుప్పు మీద పూస్తే పైపైనే పనిచేసి ఆగిపోతుంది.

హైదరాబాద్ వాతావరణాన్ని బట్టి పని పంచుకోండి. ఇనుము బయటపెట్టే పనులు నవంబర్ నుంచి మే లోపు చెయ్యండి. జూలైలో నేను సాయంత్రం తళతళలాడేలా గీకి వదిలిన మడ్‌గార్డు పొద్దున్నకి ఎర్రబడింది. ఏ రోజు గీకింది ఆ రోజే థిన్నర్‌తో తుడిచి ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. ఉత్త రెడ్ ఆక్సైడ్ పూసి నెలల తరబడి వదిలేస్తే చెమ్మ దాన్ని దాటుకుని వెళ్తుంది.

పైన ఆఖరి పెయింట్ మాత్రం ఇంట్లో వద్దు, పెయింట్ బూత్ (పెయింట్ కొట్టడానికి మూసిన గది) ఉన్న చోట ఇవ్వండి. పీయూ (పాలీయురేథేన్) పెయింట్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. మామూలు మాస్కులు వాటిని ఆపవు, ఆస్తమా పట్టుకుంటే వదలదు. బాడీ మొత్తం ప్రైమర్‌లో ఉన్నప్పుడు ఒకసారి మీ కళ్లతో చూసి, ఫొటోలు తీసుకున్నాకే పుట్టీకి ఒప్పుకోండి. 2007లో మేం చెయ్యనిది అదే.

ఇంజన్ గురించి కంగారు వద్దు. 1089 సీసీ ఇంజన్, చాలా సరళమైనది. ప్లగ్గులు విప్పి, ప్రతి సిలిండర్‌లో కొంచెం డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి వారం వదిలెయ్యండి. తర్వాత చేత్తో తిప్పి చూడండి, సెల్ఫ్ కొట్టకండి. బ్రేకులు మాత్రం పూర్తిగా కొత్తవి వెయ్యండి: వీల్ సిలిండర్లు, హోసులు, పైపులు. పాత లైనర్ల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపుల్ని, పంపులోని డయాఫ్రమ్‌ని అది మెత్తబరుస్తుంది, అవీ మార్చాలి.

స్పేర్లు దొరుకుతాయి. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, 1974లో పద్మిని పేరు తెచ్చుకుని, దాదాపు 2000 దాకా ముంబై కుర్లాలో తయారైన బండి ఇది. 2023 అక్టోబర్ దాకా ముంబైలో టాక్సీగా తిరిగింది. అందుకే ఇక్కడ దొరకనిది నాకు ముంబైలో దొరికింది. బేరింగులు, ఆయిల్ సీళ్లు, బీడింగ్ రబ్బర్లు రాణీగంజ్‌లో పాత ముక్క చూపించి తెచ్చుకున్నాను. లేత్ పని బాలానగర్‌లో చేయించాను. పానాలు కొన్ని ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నాను.

నాకు మొత్తం 2,60,000 రూపాయల దాకా అయింది. అందులో పెయింట్ 75,000, వెల్డింగ్ కూలీ, షీటు కలిపి 50,000, మిగతాది టైర్లు, బ్రేకులు, వైరింగ్, సీట్లు. ఒకేసారి కాకుండా నెలనెలా పెట్టాను కాబట్టి మోయగలిగాను. అమ్మితే అంత రాదు. ఆ లెక్క చూసుకునేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది. మీరు తాతగారి బండి అని రాశారు కాబట్టే ఇంత వివరంగా చెబుతున్నాను.

కాగితాలు ఇప్పుడే కదిలించండి. తాతగారి పేరు మీదున్న ఆర్సీ వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31, గడువు దాటిన రిజిస్ట్రేషన్ పొడిగింపుకి ఫారం 25. పొడిగింపు ఐదేళ్లకి ఇస్తారు, దానికి బండిని ఆర్టీఏ ఆఫీసులో చూపించాలి. రంగు మారిస్తే అదీ ఆర్సీలో ఎక్కాలి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ యాభై ఏళ్లు నిండిన బండ్లకే, కాబట్టి మీది 2028 దాకా ఆగాలి. పైగా ఆ నంబరు తీసుకుంటే రోజువారీ తిప్పడానికి వీల్లేదు.

పెయింట్ అయ్యాక ఒక పని చాలామంది వదిలేస్తారు. సిల్స్, తలుపులు, స్తంభాల లోపలికి సన్నటి గొట్టంతో మైనపు యాంటీ రస్ట్ స్ప్రే కొట్టించాలి. అడుగున నల్లటి తారు కోటింగ్ కొట్టి వదిలేస్తే, దాని వెనక చెమ్మ చేరి మళ్లీ మొదటికొస్తుంది. నేను ప్రతి ఏడూ జూన్ మొదటి వారంలో తలుపుల అడుగున, సిల్స్ అడుగున నీళ్లు కారే రంధ్రాల్లో సన్న తీగ తిప్పి, మగ్గుతో పైనుంచి నీళ్లు పోసి, కింద ధారగా కారుతున్నాయో లేదో చూస్తాను. పోయినేడు ఎడమ వెనక తలుపు రంధ్రంలోంచి ఎండు వేపాకులు ఇంకా వచ్చాయి.