ఆరు గోల్స్ తిన్నవాళ్ళు ముందుకి, ఆరు కొట్టినవాళ్ళు ఇంటికి

2023 ఆడవాళ్ళ ఫుట్‌బాల్ వరల్డ్ కప్ గ్రూప్ మ్యాచ్‌ల గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను, దానికి బోలెడు ప్రశ్నలు వచ్చాయి. అన్నిటికీ చోటు సరిపోదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నా.

ప్రశ్న: అక్కా, మొరాకో మొదటి మ్యాచ్‌లోనే జర్మనీ చేతిలో 6-0తో చిత్తుగా ఓడింది కదా, మరి అదే గ్రూప్ నుంచి మొరాకో ముందుకెళ్ళి జర్మనీ ఇంటికెళ్ళడం ఏంటి? ఎన్నిసార్లు లెక్కేసినా నాకు అర్థం కావట్లేదు.
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, గ్రూప్ దశలో (నాలుగేసి టీమ్‌లు ఒకదానితో ఒకటి ఆడి, పైన నిలిచిన రెండు ముందుకెళ్ళే దశ) ఒక మ్యాచ్ ఎన్ని గోల్స్ తేడాతో ఓడిపోయినా పోయేది ఆ మూడు పాయింట్లే, ఒక్క గోల్‌తో ఓడినా సున్నా, ఆరుతో ఓడినా సున్నా. గోల్ డిఫరెన్స్, అంటే కొట్టినవాటికీ తిన్నవాటికీ ఉన్న తేడా, దెబ్బతింటుంది నిజమే, కానీ దాన్ని చూసేది పాయింట్లు సమానమైతేనే. ఈ చిన్న విషయాన్ని ఆ గ్రూప్‌లో అందరికంటే బాగా పట్టుకుంది మొరాకో అని నా నమ్మకం.

జులై 24న మెల్‌బోర్న్‌లో ఆరు గోల్స్ తిన్నారు. వాళ్ళకి అది జీవితంలో మొదటి వరల్డ్ కప్ మ్యాచ్, అరబ్ దేశాల నుంచి ఆడవాళ్ళ వరల్డ్ కప్‌కి వచ్చిన మొదటి టీమ్ కూడా వాళ్ళే. వారం తిరక్కుండానే అడిలైడ్‌లో దక్షిణ కొరియా మీద ఆరో నిమిషంలో ఇబ్తిసామ్ జ్రైదీ హెడర్‌తో గోల్ కొట్టింది, ఆ ఒక్క గోల్‌నే చివరిదాకా కాపాడుకున్నారు. ఆ మ్యాచ్‌లోనే డిఫెండర్ నుహైలా బెంజీనా హిజాబ్‌తో ఆడింది, సీనియర్ వరల్డ్ కప్‌లో హిజాబ్ వేసుకుని ఆడిన మొదటి అమ్మాయి ఆమే.

అదే రోజు సిడ్నీలో ఇంకో కథ నడిచింది. కొలంబియా అమ్మాయి లిండా కైసెడో, అప్పటికి 18 ఏళ్ళు, పదిహేనేళ్ళ వయసులో క్యాన్సర్‌ని జయించి వచ్చిన పిల్ల, జర్మనీ డిఫెండర్లు ఇద్దర్ని పక్కకి తప్పించి గోల్ కొట్టింది, ఆ గోల్ దొరికితే తప్పకుండా చూడు. 89వ నిమిషంలో జర్మనీ కెప్టెన్ పాప్ పెనాల్టీతో స్కోరు సమం చేసింది, ఇక డ్రానే అనుకుంటుంటే 97వ నిమిషంలో కార్నర్ నుంచి మాన్యులా వనేగాస్ హెడర్, కొలంబియా 2-1. ఆ డ్రా నిలబడి ఉంటే జర్మనీకి ఇంకో పాయింట్ చేతిలో ఉండేది, ఆ పాయింట్ ఎంత పనికొచ్చేదో ముందు ముందు చూడు.

ఆఖరి రోజు ఆగస్టు 3, మనకి మధ్యాహ్నం మూడున్నరకి రెండు మ్యాచ్‌లూ ఒకేసారి మొదలయ్యాయి. అప్పటికి కొలంబియాకి 6, జర్మనీకి 3, మొరాకోకి 3, కొరియాకి సున్నా. జర్మనీ గోల్ డిఫరెన్స్ ప్లస్ 5, మొరాకోది మైనస్ 5, అంటే మొరాకో భారీ తేడాతో గెలిస్తే తప్ప, ఉన్న దారులు రెండే: మొరాకో గెలిచి జర్మనీ గెలవకపోవడం, లేదా మొరాకో డ్రా చేసుకుని జర్మనీ ఓడిపోవడం. పెర్త్‌లో ఫస్ట్ హాఫ్ అదనపు సమయంలో మొరాకోకి పెనాల్టీ దొరికింది, కెప్టెన్ షెబ్బాక్ కొడితే కొలంబియా కీపర్ ఆపేసింది, కానీ బయటికొచ్చిన బాల్‌ని అనిస్సా లహ్మారీ లోపలికి నెట్టింది. అక్కడ బ్రిస్బేన్‌లో కొరియా ఆరో నిమిషంలోనే గోల్ కొట్టేసింది, హాఫ్ టైమ్ లోపు పాప్ సమం చేసింది, తర్వాత ఆమె కొట్టిన ఇంకో గోల్ ఆఫ్‌సైడ్ అయింది, ఒక హెడర్ బార్‌కి తగిలింది. మొరాకో మ్యాచ్ ముందే అయిపోయింది, వాళ్ళంతా గ్రౌండ్ మధ్యలో గుండ్రంగా నిలబడి ఒక ఫోన్‌లో జర్మనీ మ్యాచ్ చూస్తూ ఉన్నారు. 1-1తో ముగిసిందని తెలియగానే ఆ గుంపు ఎలా పగిలిందో, ఎవరు ఎవర్ని పట్టుకుని ఏడ్చారో మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు లెక్క చూడు. మొరాకో కొట్టినవి 2, తిన్నవి 6, పాయింట్లు 6. జర్మనీ కొట్టినవి 8, తిన్నవి 3, పాయింట్లు 4. రెండుసార్లు చాంపియన్ అయిన జర్మనీ ఆడవాళ్ళ వరల్డ్ కప్‌లో గ్రూప్ దశ దాటకపోవడం అదే మొదటిసారి. ఇది మొరాకో అదృష్టం అని కొందరు రాశారు, నేనొప్పుకోను. ఆరు గోల్స్ తిన్న పది రోజుల్లోనే ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా వరసగా రెండు మ్యాచ్‌లు గెలవడం అదృష్టంతో అయ్యే పని కాదు.

ప్రశ్న: చివరి రెండు మ్యాచ్‌లు ఒకే టైమ్‌కి ఎందుకు పెడతారు? రెండూ చూడాలంటే టీవీ ఒకటి, ఫోన్ ఒకటి పెట్టుకోవాల్సి వస్తుంది.
– గృహిణి, తణుకు

జవాబు: కష్టమే గానీ అలా పెట్టకపోతే మోసం జరుగుతుందమ్మా, జరిగింది కూడా. 1982లో మగవాళ్ళ వరల్డ్ కప్, స్పెయిన్‌లోని హిహోన్ ఊళ్ళో. అల్జీరియా తన చివరి మ్యాచ్ ముందురోజే ఆడేసింది. మర్నాడు పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా గ్రౌండ్‌లోకి దిగేటప్పటికే ఇద్దరికీ తెలుసు, జర్మనీ ఒకటో రెండో గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరూ ముందుకెళ్తారని. పదో నిమిషంలో జర్మనీ ఆటగాడు హ్రుబెష్ గోల్ కొట్టాడు, ఆ తర్వాత మిగతా టైమంతా బాల్‌ని అటూ ఇటూ తోసుకుంటూ గడిపేశారు. మొదటి మ్యాచ్‌లో ఆ జర్మనీనే 2-1తో ఓడించిన అల్జీరియా ఇంటికెళ్ళిపోయింది. 1986 నుంచి ఆఖరి మ్యాచ్‌లు ఒకే సమయానికి పెడుతున్నారు. ఆ హ్రుబెష్‌నే 2023లో గ్రూప్ దశలో ఓడిన జర్మనీ ఆడవాళ్ళ టీమ్‌కి కోచ్‌గా తీసుకొచ్చారు, మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం కూడా తెచ్చాడు.

ప్రశ్న: న్యూజిలాండ్ నార్వేని ఓడించింది, ఇద్దరికీ నాలుగేసి పాయింట్లు, అయినా నార్వే ముందుకెళ్ళింది. ఇది అన్యాయం కాదా?
– ఇంజనీర్, ఆక్లాండ్ (మాది గుంటూరు)

జవాబు: మీరు ఆ ఊళ్ళోనే ఉన్నారంటే ఆ మొదటి రాత్రి హడావిడి నాకంటే మీకే బాగా తెలిసుంటుంది. ఈడెన్ పార్క్‌లో 42 వేల మంది, హన్నా విల్కిన్సన్ గోల్, 1-0, వరల్డ్ కప్‌లలో న్యూజిలాండ్ ఆడవాళ్ళ మొట్టమొదటి గెలుపు. తర్వాత వెల్లింగ్టన్‌లో ఫిలిప్పీన్స్ చేతిలో 1-0తో ఓడారు, డునెడిన్‌లో స్విట్జర్లాండ్‌తో 0-0. మూడు మ్యాచ్‌లకి కలిపి ఒకటి కొట్టి ఒకటి తిన్నారు, తేడా సున్నా. నార్వే చివరి మ్యాచ్‌లో ఫిలిప్పీన్స్‌ని 6-0తో ఓడించి ప్లస్ 5 తెచ్చుకుంది. ఫిఫా ఆ టోర్నీలో పాయింట్లు సమానమైతే ముందు మొత్తం గోల్ డిఫరెన్స్ చూసింది, తర్వాత మొత్తం గోల్స్, ఇద్దరి మధ్య మ్యాచ్ ఫలితం ఆ తర్వాతే. అదే మన ఆసియా కప్‌లో అయితే ముందు ఇద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారో చూస్తారు, ఆ రూల్ ఉంటే న్యూజిలాండే వెళ్ళేది.

నన్నడిగితే ఆసియా పద్ధతే సరైనది. ఎదురెదురుగా నిలబడి ఓడించినదానికి విలువ ఉండాలి, ఇంకెవరి మీదో ఆరు కొట్టారని దాన్ని కిందికి తొయ్యకూడదు. అయితే రూల్ అందరికీ ముందే తెలుసు కాబట్టి అన్యాయం అనను, ఫిలిప్పీన్స్ మీద ఒక్క డ్రా తెచ్చుకున్నా న్యూజిలాండ్ దాటేసేది.

ప్రశ్న: స్పెయిన్‌ని జపాన్ 4-0తో ఓడించింది, తర్వాత స్పెయినే కప్ కొట్టింది. ఎలా?
– పదో తరగతి, ఒంగోలు

జవాబు: అప్పటికే రెండు మ్యాచ్‌లు గెలిచి స్పెయిన్ తర్వాతి రౌండ్‌కి చేరిపోయింది బాబూ, ఆ మ్యాచ్‌తో తేలాల్సింది గ్రూప్‌లో ఎవరు ఫస్ట్ అన్నదే. స్పెయిన్ బాల్ తన దగ్గరే పెట్టుకుంది, జపాన్ ఓపిగ్గా ఆగి దొరికినప్పుడల్లా పరిగెత్తి కొట్టింది. ఆ ఓటమి తర్వాత స్పెయిన్ టీమ్‌లో మార్పులు చేసింది, ఆ పైన ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. జపాన్ అమ్మాయి మియజావా కొట్టిన రెండు గోల్స్ చూడు, పరుగు ఎప్పుడు మొదలెట్టాలో అర్థమవుతుంది.

ప్రశ్న: 32 టీమ్‌లు ఎందుకండీ, చిన్న దేశాలు వచ్చి ఏడు గోల్స్ తిని పోతున్నాయి. మావారైతే గ్రూప్ మ్యాచ్‌లు వేస్ట్, క్వార్టర్స్ నుంచి చూస్తే చాలంటారు.
– టీచర్, విజయనగరం

జవాబు: మీవారికి జమైకా గురించి చెప్పండి. ఫ్రాన్స్‌తో 0-0, పనామా మీద 1-0, బ్రెజిల్‌తో 0-0, మూడు మ్యాచ్‌ల్లో కొట్టింది ఒక్క గోల్, తిన్నది అసలు లేదు, ఐదు పాయింట్లతో వాళ్ళు ముందుకెళ్ళారు, బ్రెజిల్ స్టార్ మార్తా తన ఆరో వరల్డ్ కప్ నుంచి అక్కడితో సెలవు తీసుకుంది. ఆ టీమ్‌కి ఖర్చులకి డబ్బుల్లేక ఒక ప్లేయర్ వాళ్ళమ్మ ఆన్‌లైన్‌లో చందాలు పోగు చేసింది. క్వార్టర్స్ నుంచి చూసేవాళ్ళకి ఇది దొరకదండీ.

ఏడు గోల్స్ మాట నిజమే, నెదర్లాండ్స్ వియత్నాంని 7-0తో కొట్టింది. కానీ అదే వియత్నాం మీద అప్పటి చాంపియన్ అమెరికా మూడే కొట్టగలిగింది, నాలుగేళ్ళ ముందు అదే అమెరికా థాయ్‌లాండ్ మీద 13 కొట్టింది. హైతీ మూడూ ఓడింది, కానీ ఇంగ్లండ్‌తో 1-0, చైనాతో 1-0, డెన్మార్క్‌తో 2-0. చిన్న టీమ్ పెద్ద టీమ్‌ల మీద ఆడితేనే నేర్చుకుంటుంది, ఇంట్లో కూర్చోబెట్టి ముందు నేర్చుకుని రా అంటే ఎప్పటికి వస్తుంది?

ప్రశ్న: మా పాప స్కూల్ టీమ్‌లో ఆడుతుంది మేడమ్. మన ఇండియా అమ్మాయిల పేరు ఇలాంటి టోర్నీల్లో ఎందుకు వినపడదు?
– ఓ తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, ఇది రాస్తుంటే నాకు బాధ, ఆశ రెండూ కలుగుతున్నాయి. 2022 జనవరిలో ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది, ముంబై, నవీ ముంబై, పుణెల్లో, 2023 వరల్డ్ కప్‌కి దారి అదే. ఇరాన్‌తో మొదటి మ్యాచ్ 0-0, అవకాశాలు బోలెడు వచ్చినా గోల్ పడలేదు. మూడు రోజుల తర్వాత చైనీస్ తైపీతో (అంటే తైవాన్ టీమ్‌తో) ఆడాల్సిన రోజు టీమ్‌లో కోవిడ్, రూల్ ప్రకారం కావాల్సిన 13 మంది లేరు, మ్యాచ్ ఆడలేదు, టోర్నీ నుంచే తప్పించారు, ఇరాన్‌తో ఆడిన మ్యాచ్‌ని కూడా లెక్కలోంచి తీసేశారు. ఆ అమ్మాయిలు గ్రౌండ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండానే బయటికి వెళ్ళిపోయారు. మనం ఆడలేకపోయిన ఆ తైపీని పుణెలో పెనాల్టీలతో ఓడించి ఫిలిప్పీన్స్ వరల్డ్ కప్‌కి వెళ్ళింది, ఆఖరి పెనాల్టీ కొట్టిన సరీనా బోల్డెనే తర్వాత వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ మీద గోల్ కొట్టిన అమ్మాయి.

అదే ఏడు అక్టోబర్‌లో భువనేశ్వర్‌లో అండర్-17 వరల్డ్ కప్‌లో మన పిల్లలు అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0 ఓడారు. మొరాకో ఏమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా, అక్కడ ఫెడరేషన్ ఆడవాళ్ళ లీగ్‌ని రెండు డివిజన్లుగా ప్రొఫెషనల్ చేసి జీతాలకి డబ్బులు పెట్టింది, యూరప్ క్లబ్‌ల చాంపియన్స్ లీగ్ గెలిచిన కోచ్ పెడ్రోస్‌ని తెచ్చుకుంది. మనకి తక్కువైంది పిల్లల్లో సత్తా కాదు, ఏడాది పొడుగునా ఆడటానికి మ్యాచ్‌లు, నెలనెలా జీతం.

ఇక ఆశ సంగతి. 2025 జులై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్ ఆఖరి గ్రూప్ మ్యాచ్. మనవాళ్ళు అప్పటికి మూడు మ్యాచ్‌ల్లో 22 గోల్స్ కొట్టి ఒక్కటీ తినలేదు, విచిత్రంగా థాయ్‌లాండ్ కూడా సరిగ్గా అంతే, పాయింట్లు కూడా సమానం, వెళ్ళేది మాత్రం ఒక్కరే. అంతకుముందు రెండుసార్లు వరల్డ్ కప్ ఆడిన టీమ్‌ని వాళ్ళ ఊళ్ళోనే 2-1తో ఓడించారు, రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్. ఆ టీమ్‌లో మీ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య కూడా ఉంది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి ఆడొచ్చిన పిల్ల. మీ పాపకి సౌమ్య పేరు చెప్పండి, ఆమె మ్యాచ్ వీడియోలు చూపించండి, స్కూల్ అయిపోయాక కూడా ఆట మాన్పించకుండా దగ్గర్లో వారానికి కనీసం రెండు మ్యాచ్‌లు ఆడించే అకాడమీ ఉందేమో కనుక్కోండి.