లెక్క అడగండి: అందరి రిపోర్టుల్లోనూ అదే 385

(చెన్నైలో 31 ఏళ్ళు స్టాటిస్టిక్స్ పాఠం చెప్పి, ఇప్పుడు సైదాపేటలో విశ్రాంతిగా ఉంటున్న లెక్చరర్ గారి జవాబులు)

ప్రశ్న: మాది ఒంగోలు. తాంబరం దగ్గర ఎంబీఏ చదువుతున్నాను. మా హాస్టళ్ళలో ఉన్న తెలుగువాళ్ళలో ఎంతమంది మెస్ మానేసి బయట తింటున్నారో ప్రాజెక్టుకి సర్వే చేయాలి. మొత్తం 600 మందిమి. గైడ్ గారు "385 తీసుకో" అన్నారు. మా క్లాసులో అందరి రిపోర్టుల్లోనూ అదే 385. ఎక్కడిదని అడిగితే "ఫార్ములా" అన్నారు. నేనూ అదే రాసేయనా మేడమ్?
- ఎంబీఏ విద్యార్థి, తాంబరం

జవాబు: రాసేయకు బాబూ. 385 రెడీమేడ్ చొక్కా లాంటిది. కొందరికి సరిపోతుంది, నీ కొలతలకి కుట్టింది మాత్రం కాదు.

ఒక్కసారి నీ చేత్తో వేసి చూడు. 95 శాతం నమ్మకం కావాలంటే పట్టికలో దొరికేది 1.96. దాని వర్గం 3.8416. బయట తినేవాళ్ళ వాటా ఎంతో నీకింకా తెలీదు కాబట్టి సగం అనుకుంటాం. సగమే ఎందుకంటే, వాటానీ మిగిలినదాన్నీ గుణిస్తే 0.1 దగ్గర 0.09 వస్తుంది, 0.3 దగ్గర 0.21, సగం దగ్గర 0.25. అంతకు మించి ఎక్కడా రాదు. ఏమీ తెలియనప్పుడు ఎక్కువమందిని అడిగే వైపే మొగ్గాలి. 3.8416ని 0.25తో గుణిస్తే 0.9604. ఇక మిగిలింది, జవాబు ఎంత అటూ ఇటూ అయినా ఫరవాలేదు అన్నది. 5 శాతం అనుకుంటే 0.05 వర్గంతో భాగించాలి, 384.16 వస్తుంది. ఇక్కడ ఎప్పుడూ పైకే సవరించాలి, అందుకని 385.

ఇందులో ఆ 5 శాతం ఎవరు నిర్ణయించారు? నువ్వు కాదు, మీ గైడ్ కూడా కాదు. ఎవరో ఎప్పుడో పెట్టుకున్నది చేతులు మారి వచ్చింది. 3 శాతం లోపు కావాలంటే 1068 మంది కావాలి, 10 శాతం చాలనుకుంటే 97. నీ మెస్ ప్రశ్నకి ఎంత తేడా వస్తే నిర్ణయం మారిపోతుందో ముందు కూర్చుని ఆలోచించు. ఏ ఫార్ములా కూడా ఆ సంగతి చెప్పదు. 31 ఏళ్ళ పాఠంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట ఇదే.

పైగా మీరు 600 మందే. జనాభా చిన్నదైతే శాంపిల్ తగ్గించుకోవచ్చు: 384ని 600తో భాగించి ఒకటి కలిపితే 1.64, దానితో 385ని భాగిస్తే 235 చాలు. అదే చెన్నై నగరమంతా అయితే? 385 అలాగే ఉంటుంది, జనాభా కోటి దాటినా పెరగదు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు చాలంటారు, గుండిగైనా గిన్నైనా. కానీ అడుగంటిన గుండిగలో పైమెతుకు పట్టుకుంటే ఏం తెలుస్తుంది?

వాట్సాప్ గ్రూపులో ఫారం పెట్టి, ముందు నింపిన 235 మందితో సరిపెట్టుకుంటే అదే అవుతుంది. మెస్ మీద కోపం ఉన్నవాళ్ళే ముందు నింపుతారు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రికకి 20 లక్షలకు పైగా జవాబులు తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని వేసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. హాస్టల్ రిజిస్టరు అడిగి తీసుకో, చీటీలేసి పేర్లు తియ్యి, వెళ్ళి గది తలుపు కొట్టు. 100 మందినే కలవగలిగితే 100 మందినే కలువు, ఫలితం 9 శాతం వరకు అటూ ఇటూ ఉండొచ్చని రిపోర్టులో రాయి. ఇష్టమొచ్చినవాళ్ళు నింపిన 385 కంటే అది వెయ్యి రెట్లు నయం.

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది నెల్లూరు. పెళ్ళయి వలసరవాక్కం వచ్చి 14 ఏళ్ళయింది. ఇంట్లోనే కందిపొడి, కరివేపాకు పొడి చేసి 250 గ్రాముల పొట్లాలు అమ్ముతున్నాను. స్టీలు గ్లాసుతో కొలిచి పోస్తాను. పోయిన నెల ఒకావిడ మా పొట్లం 245 గ్రాములే ఉందని ఫోటో తీసి పంపింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు 12 కందిపొడి పొట్లాలు, కవరు బరువు తీసేసి తూచాను: 251, 249, 247, 250, 254, 248, 246, 250, 252, 249, 245, 247. ప్లస్ టూ చదివే మా అబ్బాయి సగటు 249 అన్నాడు. అంటే నేను తక్కువ ఇస్తున్నట్టేనా? ఇంకా ఎన్ని తూచాలి?
- ఓ పాఠకురాలు, వలసరవాక్కం

జవాబు: అమ్మా, కవరు బరువు తీసేసి తూచారు చూడండి, ఆ జాగ్రత్త చాలామంది డిగ్రీ పిల్లలకి కూడా ఉండదు. మీ అంకెలు దగ్గర పెట్టుకుని నేనూ లెక్క వేశాను.

సగటు 249, అబ్బాయి చెప్పింది నిజమే. ఒక్కో బరువూ 249కి ఎంత దూరమో రాసి, ఆ దూరాల వర్గాలు కూడితే 74. దాన్ని 12తో కాక 11తో భాగించమనండి. 6.73 వస్తుంది, వర్గమూలం 2.6 గ్రాములు. ఇదే స్టాండర్డ్ డీవియేషన్, అంటే పొట్లానికీ పొట్లానికీ మధ్య ఊగిసలాట. దీన్ని 12 వర్గమూలంతో భాగిస్తే 0.75. ఇక్కడ 1.96 వాడకూడదు, పొట్లాలు పన్నెండే కాబట్టి టి పట్టికలో 11 వరస చూడాలి. 2.201 ఉంటుంది. గుణిస్తే 1.65. అంటే మీ అసలు సగటు 247.35కీ 250.65కీ మధ్య ఎక్కడో ఉండొచ్చు.

(ఆ టి పట్టిక పుట్టింది బీరు కంపెనీలో. డబ్లిన్‌లో గిన్నిస్‌లో పనిచేసిన విలియం గోసెట్‌కి మీ చిక్కే వచ్చింది: చేతిలో ఉన్నవి కొద్ది నమూనాలే, నిర్ణయం మాత్రం చెప్పాలి. 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ఆ వ్యాసం అచ్చువేశాడు.)

ఆ రెండు హద్దుల మధ్య 250 కూడా ఉంది. అందుకని తక్కువ ఇస్తున్నారని ఈ 12 పొట్లాలు చెప్పలేవు. సరిగ్గా ఇస్తున్నారని కూడా చెప్పలేవు.

ఎన్ని తూచాలంటే, సగటు ఒక గ్రాము లోపు తేలాలనుకుందాం. 1.96ని 2.6తో గుణించి, ఒకటితో భాగించి, వర్గం చేస్తే 26. టి పట్టిక కోసం నాలుగు కలుపుకుని 30 తూచండి. అర గ్రాము లోపు తేలాలంటే 104 కావాలి. తేడాని సగం చేద్దామంటే పని నాలుగింతలవుతుంది, ఇందులో బేరం లేదు. లెక్కకి ఆ 2.6 ముందే తెలియాలి కదా అని అబ్బాయి అడుగుతాడు. మీరు తూచిన 12 పొట్లాలే దానికి పైలట్ సర్వే. బెంగాల్‌లో జనప పంట సర్వేలకి స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ గారు ఇలాగే ముందు చిన్నగా ఒకటి చేసి, ఆ ఊగిసలాట చూసి, పెద్ద సర్వే కొలతలు వేసుకునేవారు.

30 పొట్లాలూ ఒకే పొద్దున కట్టినవి కాకూడదు. వారంలో నాలుగైదు రోజులవి తీయండి. కొత్తగా వేయించిన పప్పు పొడి గ్లాసులో ఒకలా కూర్చుంటుంది, రెండు రోజులున్నది ఇంకోలా. కరివేపాకు పొడి ఇంకా తేలిక, దానికి వేరే తూకం, వేరే లెక్క. తూచే ముందు తెలిసిన కిరాణా కొట్టులో ముద్ర వేసిన 200 గ్రాముల రాయి అడిగి తెచ్చి మీ మిషన్ మీద పెట్టి చూడండి. మిషనే 3 గ్రాములు తప్పు చూపిస్తుంటే 104 కాదు, వెయ్యి పొట్లాలు తూచినా ఆ తప్పు పోదు.

ఇక మీ నిద్ర సంగతి. ఆవిడ కొన్నది సగటు కాదమ్మా, ఒక పొట్లం. ఇప్పటిదాకా వేసిన లెక్కంతా సగటుది. సగటు సరిగ్గా 250 వచ్చినా సగం పొట్లాలు దానికి తక్కువే తూగుతాయి. ఆవిడకి సమాధానం చెప్పాలంటే ఆ 2.6ని పట్టుకోవాలి. గ్లాసు సగటున 255 వచ్చేలా పోస్తే, రెండు డీవియేషన్ల ఎడం ఉంటుంది కనుక, దాదాపు 40 పొట్లాల్లో ఒకటే 250 కంటే దిగుతుంది. ఇప్పటికంటే నూరు పొట్లాలకి 600 గ్రాముల పొడి ఎక్కువ పోతుంది. లేదంటే గ్లాసు మానేసి ప్రతి పొట్లమూ మిషన్ మీదే నింపండి. చేయి తిరిగేదాకా ఆలస్యమవుతుంది, పొడి మాత్రం మిగులుతుంది. నేనైతే రెండోదే చేస్తాను. ఆ ఫోటో పంపినావిడకి మీరు తూచిన 12 అంకెలూ పంపండి, దాచకుండా.

ప్రశ్న: బీఎస్సీ రెండో సంవత్సరం. పరీక్షలో "అసలు సగటు ఈ ఇంటర్వెల్‌లో ఉండే సంభావ్యత 95 శాతం" అని రాస్తే మార్కు కోశారు. పుస్తకంలో ఉన్నదీ నేను రాసిందీ నాకు ఒకేలా ఉన్నాయి.
- డిగ్రీ విద్యార్థిని, పెరంబూర్

జవాబు: ఒకేలా అనిపించడం సహజం తల్లీ, కానీ ఒకటి కాదు. (మిగతా పాఠకులకి: ఇంటర్వెల్ అంటే పైన పొట్లాల సగటుకి వేసిన రెండు హద్దుల మధ్య ఎడం లాంటిది.) నేను క్లాసులో చేసినదొకటి చెబుతాను. పెద్ద స్టీలు డబ్బాలో 400 నల్ల శనగలు, 600 తెల్ల బఠానీలు లెక్కపెట్టి కలిపి తీసుకెళ్ళేదాన్ని. నల్లవి 40 శాతమని నాకొక్కదానికే తెలుసు. 40 మంది పిల్లలూ వరసగా వచ్చి, చూడకుండా 50 గింజలు తీసి, నల్లవి లెక్కపెట్టి, గింజలు మళ్ళీ డబ్బాలో కలిపి, ఎవరి ఇంటర్వెల్ వాళ్ళు బోర్డు మీద అడ్డగీతగా గీసేవారు. అందరిదీ అయ్యాక 40 దగ్గర నేను ఒక నిలువుగీత గీసేదాన్ని.

ఏటా ఒకటో రెండో, ఒక్కోసారి మూడో, అడ్డగీతలు ఆ నిలువుగీతని తాకేవి కావు. ఒక ఏడాది ఒకమ్మాయికి 50లో 12 నల్లవి వచ్చాయి. ఆమె గీత 12.2 నుంచి 35.8 దాకానే పోయింది. తన లెక్క తప్పేమోనని మొహం చిన్నబుచ్చుకుని మూడుసార్లు వేసింది. లెక్కలో ఏ తప్పూ లేదు. పద్ధతి కూడా సరైనదే. నూటికి ఐదుసార్లు అలా జరుగుతుందని ముందే చెప్పిన పద్ధతి అది. డస్టర్ అందుకుంటే వద్దన్నాను.

డబ్బాలో 40 శాతం కదలదు. మనిషి మనిషికీ మారేది గీత. గీసేశాక ఆ గీత 40ని తాకిందో లేదో తేలిపోయినట్టే, ఇక దానికి సంభావ్యత అంటగట్టలేం. 95 శాతమన్నది గీసే పద్ధతికి చెందుతుంది. ఈ ఆలోచనని 1937లో నేమన్ అనే ఆయన వ్యాసంగా రాసి నిలబెట్టాడు. ఈసారి పరీక్షలో ఇలా రాయి: "ఇదే పద్ధతిలో పదే పదే శాంపిల్స్ తీసి ఇంటర్వెల్స్ గీస్తే, వాటిలో దాదాపు 95 శాతం అసలు సగటుని పట్టుకుంటాయి."