బీథోవెన్ ఈ-ఫ్లాట్ పియానో క్వార్టెట్: స్కోరు, రికార్డింగు కలవట్లేదా?

మీ స్కోరు (సంగీతం రాసిన పుస్తకం) ఒక రచనది, వింటున్న రికార్డింగు ఇంకోదానిది అయ్యుంటుందండి. ఈ-ఫ్లాట్ శ్రుతిలో బీథోవెన్ పియానో క్వార్టెట్లు (పియానో, మూడు తీగ వాద్యాల రచనలు) రెండున్నాయి. ఒకటి 1785లో, పద్నాలుగేళ్ల వయసులో రాసిన డబ్ల్యూఓఓ 36 నం. 1 (డబ్ల్యూఓఓ అంటే ఓపస్ నంబరు లేని రచన). రెండోది ఓపస్ 16 (ఓపస్ అంటే రచనకిచ్చే వరుస నంబరు), పియానో, నాలుగు గాలి వాద్యాల క్వింటెట్‌కి తర్వాత తీగ వాద్యాలతో చేసిన రూపం.

1. ముందు కవర్ మీద నంబరు చూడండి.
2. నంబరు లేకపోతే మొదటి పేజీతో ఆగకండి, అందరూ పొరబడేది అక్కడే. రెండూ నెమ్మదిగానే మొదలవుతాయి. నేరుగా రెండో భాగానికి వెళ్లండి. కీ సిగ్నేచర్‌లో (ప్రతి వరస మొదట్లో ఉండే శ్రుతి గుర్తుల్లో) ఆరు ఫ్లాట్లు (♭), పైన 'అల్లెగ్రో కాన్ స్పిరిటో' ఉంటే 1785 నాటిది. ఆ వయసులో ఈ-ఫ్లాట్ మైనర్‌లో అంత ఆవేశం! వింటే ఒళ్లు జలదరిస్తుంది. రెండే ఫ్లాట్లు, 'ఆందాంతే కాంతాబిలే' ఉంటే ఓపస్ 16.
3. అదే నంబరుతో రికార్డింగు వెతకండి.