మీ ఆయన మాలలో తాగలేదమ్మా, తాగనందుకే అలా అయింది

బరంపురం నుంచి ఒకావిడ రాశారు. పుట్టిల్లు ఇచ్ఛాపురం, పెళ్లయి పదిహేనేళ్లు. భర్తకు నలభై రెండేళ్లు, బట్టల షాపులో పని. నాలుగేళ్లుగా రోజూ తాగుతున్నాడు. ఇప్పుడు పొద్దున్నే కొంచెం గొంతులో పడితే గాని టీ గ్లాసు పట్టుకోలేడు, చేతులు వణికి సగం టీ చొక్కా మీదే పోతుంది. పోయిన కార్తీకంలో ఈసారి మానేస్తానని అయ్యప్ప మాల వేసుకున్నాడు. మూడో రోజు రాత్రి గోడ నిండా చీమలు పాకుతున్నాయంటూ చేత్తో దులపడం మొదలుపెట్టి, ఎవరో పిలుస్తున్నారని చెప్పులు కూడా లేకుండా వీధిలోకి వెళ్లిపోయాడు. మాలలో ఉండి తాగాడు, స్వామి ఊరుకుంటాడా అన్నారు అందరూ. మాల తీయించి, తాయెత్తు కట్టించారు. ఆ తర్వాత ఆయన మళ్లీ తాగుడు మొదలుపెట్టాడు, ఈసారి ఇంకా ఎక్కువ. ఇప్పుడు అత్తగారు ఫోన్లో ప్రకటన చూసి, తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మానేస్తారట అని ఒక పౌడరు తెప్పించారు. కలపమంటారా అని అడుగుతున్నారు ఈవిడ.

అమ్మా, ముందు ఆ పౌడరు సంగతి. కలపకండి. ఇవాళ రాత్రి పులుసులో కూడా వద్దు. అందులో ఏముందో ఆ పొట్లం చూసి ఎవరూ చెప్పలేరు. డైసల్ఫిరామ్ అనే మందు గనక అందులో ఉంటే, దాని మీద ఆయన తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మందును డాక్టర్లు కూడా వాడతారు, కానీ మనిషికి విషయమంతా చెప్పి, పరీక్షలు చేసి, ఆయన ఒప్పుకున్నాకే ఇస్తారు. అత్తగారిని తప్పుపట్టకండి, కొడుకు కళ్ల ముందు పాడైపోతుంటే ఏ తల్లయినా దొరికిన కొమ్మ పట్టుకుంటుంది. పొట్లం మాత్రం పారేయండి.

ఇక ఆ మూడో రోజు రాత్రి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఆయన మాలలో తాగలేదమ్మా. తాగితే అలా అయ్యేది కాదు. నాలుగేళ్లు రోజూ తాగిన మెదడు ఆ మత్తుకు అలవాటుపడి, దాన్ని తట్టుకుని పనిచేయడానికి తనను తాను పరుగు పెట్టించుకుంటూ ఉంటుంది. ఒక్కసారిగా మత్తు ఆపేస్తే ఆ పరుగు ఆగదు. మొదటి రోజు వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం. రెండు రోజుల్లోపు కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు తర్వాత, ముఖ్యంగా మూడో రోజు ప్రాంతంలో, లేనివి కనిపించడం, ఎక్కడున్నారో తెలియకపోవడం, జ్వరం. దీన్ని డాక్టర్లు డెలీరియమ్ ట్రెమెన్స్ అంటారు, చికిత్స లేకపోతే ప్రాణాలు పోవచ్చు. మీ ఆయన బయటపడటం అదృష్టం. ఊరంతా ఆయన దీక్ష తప్పాడంటుంటే, పాపం ఆ మనిషి దీక్ష పట్టుకున్నందుకే ఆ అవస్థ పడ్డాడు.

పక్కింటాయన నలభై ఒక్క రోజులు చుక్క ముట్టకుండా ఉన్నాడు, మీ ఆయన ఎందుకు ఉండలేకపోయాడు అని మీ మరిది అన్నాడని రాశారు. పక్కింటాయన ఎప్పుడో ఒకరోజు తాగేవాడై ఉంటాడు, ఆయన ఒళ్లు దానికి లొంగిపోలేదు. పొద్దున్నే తాగితే గాని చేయి నిలవని మనిషికి మనోబలం ఒక్కటీ చాలదు. ఆయనకు ఉన్నది జబ్బు, ఆసుపత్రిలో మాన్పించాల్సిన జబ్బు. 2019లో కేంద్ర ప్రభుత్వం బయటపెట్టిన సర్వేలో, మన దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది. మిగతా 37 మందికీ ఇళ్లల్లో ఒట్లు, తాయెత్తులు, తిట్లు.

అందుకని ఈసారి సీసాలు దాచడం, పారబోయడం, గదిలో పెట్టి గడియ వేయడం చేయకండి, ఆసుపత్రికి వెళ్లేదాకా. మీ ఊళ్లోనే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అక్కడ మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలిచ్చి రోజురోజుకీ తగ్గిస్తూ వస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, ఆయనకి ఇదివరకు అలా అయింది కాబట్టి అడ్మిట్ చేసుకునే అవకాశమే ఎక్కువ. ఆ తర్వాత తాగాలనే కోరికను తగ్గించే మందులు వేరే ఉన్నాయి. ఒకవేళ ఆయన తనంతట తానే మానేసి మళ్లీ అలా మాట్లాడటం మొదలైతే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ల వాళ్లు బండి పంపి పట్టుకెళ్తాం అంటే ఒప్పుకోకండి. ఏ సెంటరైనా సరే, చేర్చే ముందు డాక్టరు రోజూ చూస్తారా, ఇంటివాళ్లు వచ్చి కలవనిస్తారా అని అడగండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నేరం.

ఆయన ఒప్పుకోవాలి కదా అంటారు. తాగి వచ్చిన రాత్రి మాట్లాడకండి. పొద్దున, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఈ ఒక్క మాట చెప్పండి: 'ఆ రోజు మీకు వచ్చింది దేవుడి కోపం కాదటండీ, తాగుడు ఒక్కసారిగా ఆపినందుకు వచ్చిన జబ్బట. డాక్టరు దగ్గర ఆపితే అలా అవ్వదట.' మళ్లీ మానాలంటే ఆయనకు ఆ రాత్రి గుర్తొచ్చి భయం వేస్తోందని నాకనిపిస్తోంది. సిగ్గు సరేసరి. ఆ రెండూ కాస్త తగ్గితే ఆయనే లేస్తారు. చేయి చేసుకుంటే మాత్రం సర్దుకుపోకండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, బాబును తీసుకుని మీ అన్నయ్య దగ్గరికి వెళ్లండి. ఇచ్ఛాపురం ఎంత దూరమని.

బాబు గురించి రెండే లైన్లు రాశారు, అవి నేను చాలాసేపు చూశాను. నాన్న బండి చప్పుడు వినగానే పుస్తకం మూసి లైటు ఆర్పేసి నిద్రపోయినట్టు పడుకుంటాడని. పదమూడేళ్లవాడికి అన్నీ తెలుసు, ఎవరూ చెప్పకపోవడం వల్ల వాడు అది తన తప్పనుకుంటాడు. నాన్నకి జబ్బు, అది నీ వల్ల రాలేదు, మాన్పించడం నీ పని కాదు అని నోటితో చెప్పండి. వైన్ షాపు దగ్గరికి నాన్నను పిలవమని వాణ్ణి పంపకండి.

మీ సంగతి చివర రాశారు, నిద్ర లేదు, ఒక్కోసారి బతకాలనిపించడం లేదు అని. దాన్ని నేను చివరి మాటగా తీసుకోను. ఇవాళే మనసు బాధలు వినే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మీ అన్నయ్యకి ఆ మాట దాచకుండా చెప్పండి. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజున మీరు కూడా డాక్టరుకు చూపించుకోండి, మీకు ఉన్నది డిప్రెషన్ కావచ్చు, దానికీ మందు ఉంది.

ఒడియా సరిగా రాదన్నారు కదా. బరంపురం ఆసుపత్రిలో తెలుగు తెలిసినవాళ్లు దొరక్కపోరు, అయినా అన్నీ ఒక కాగితం మీద బాబుతో ఒడియాలో రాయించి పట్టుకెళ్లండి: రోజుకి ఎంత తాగుతారు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు, వేరే మందులేమైనా వాడుతున్నారా. మాల వేసుకున్న మూడో రోజు రాత్రి ఏం జరిగిందో మొదటి వరుసలో రాయించండి.